బోరు పైపుకి కట్టిన ముడి

ఇరవై ఎనిమిదేళ్ళు నేను జీతం తీసుకుని అనుమానపడ్డాను. విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల సెక్షన్ నాది. పోయినవాళ్ళ కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. ఎవరు, ఎక్కడ, ఎలా అన్నవి చదివి, అందులో ఎక్కడో ఒక అబద్ధం ఉండే తీరుతుందని నమ్మి, అది దొరికేదాకా వెతకడం నా పని. దొరకని రోజు అన్నం సహించేది కాదు. రిటైరైన రోజు గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేశాను గానీ ఆ బుద్ధిని మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నాను. కూరగాయలాయన కాటా, పాల ప్యాకెట్టు మీద తేదీ, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ మా ఆయన నవ్వే నవ్వు, అన్నీ నాకు అనుమానమే.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం కరెంటు మీద. కరెంటు చావుల కాగితాలు ఎన్ని చదివానో లెక్క లేదు. కూలర్‌లో నీళ్ళు పోయబోయినావిడ, ఇనుప తీగ మీద తడిబట్టలు ఆరేస్తున్నాయన, ఫ్రిజ్ తలుపు పట్టుకున్న ఇల్లాలు. చాలా వాటిలో రెండో మనిషి కూడా ఉండేవాడు. మొదటివాళ్ళను లాగబోయి తానూ అతుక్కుపోయినవాడు. ఇంట్లోవాళ్ళు ఇచ్చిన వాంగ్మూలాల్లో మాత్రం ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించేది: "ఇన్నాళ్ళూ బాగానే ఉందండి."

అలాంటిదాన్ని, అరవై దాటాక, చక్రాల మీద నడిచే రేకు గదిలో కాపురానికి సిద్ధపడ్డానంటే అది మా ఆయన పట్టుదల. ఆయన కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సూత్రం సరిగ్గా ఉంటే జవాబు సరిగ్గా వచ్చి తీరుతుందని నమ్మే మనిషి. లాడ్జీల్లో దుప్పట్లు విదిలించి, బాత్రూములు వాసన చూసి, చివరికి ప్రయాణాలే మానేయించిన నా పోరు పడలేక, "నీ దుప్పటి, నీ బాత్రూము, నీ గది నీ వెనకే వస్తాయి, ఇంక ఏమంటావ్" అని ఆటోనగర్‌లో ఒక చిన్న ట్రైలర్ కట్టించారు. రెండు చక్రాలు, అల్యూమినియం రేకు ఒళ్ళు, లోపల ఇద్దరు పడుకునే పరుపు, ఓ వంట గట్టు, ఫ్యాను, రెండు లైట్లు. కారు వెనక తగిలించుకుని వెళ్ళడం, దిగినచోట కరెంటు అడిగి తీసుకుని ఓ పొడుగాటి కేబులు తగిలించడం. ఆ తగిలించడం దగ్గరే నాకు నిద్ర పట్టలేదు. రేకు ఒళ్ళు మొత్తం ఒకే ముక్క. ఎక్కడైనా ఒక తీగ తెగి రేకుకి తగిలితే ఇల్లంతా కరెంటే.

వైరింగు చేసింది ఒక పెద్దాయన. లారీ బాడీలకు తీగలు లాగుతూ గడ్డం నెరిసిన ముస్లిం ఎలక్ట్రీషియన్. అందరూ భాయ్ అంటారు కాబట్టి మేమూ భాయ్ అనే అన్నాం. మొదటి రోజు ఆయన్నీ అనుమానించాను. కేబులు కొన చేత్తో పట్టుకుని, "రాగేనా, పైపూతా?" అని అడిగాను. మా ఆయన సిగ్గుతో పక్కకు తిరిగారు. భాయ్ మాత్రం జేబులోంచి కత్తి తీసి నా చేతికిచ్చాడు.

"గీకి చూసుకోండి మేడమ్. మీలాంటోళ్ళు నలుగురుంటే నాకు సగం పని తగ్గుద్ది."

గీకి చూశాను. రాగే. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు గురి కుదిరింది. ఆయనకీ నా మీద కుదిరినట్టుంది, కూర్చోబెట్టి అంతా నేర్పాడు. ప్లగ్గుకి మూడు కన్నాలు. కుడివైపు దాంట్లో టెస్టర్ పెడితే వెలగాలి, ఎడమదాంట్లో వెలగకూడదు, పైన పెద్ద కన్నం ఎర్త్, అక్కడ అసలు వెలగకూడదు. తర్వాత రెండు తీగల చివర ఒక బల్బు. దాన్ని కుడికీ ఎడమకీ పెట్టి చూడాలి, కుడికీ ఎర్త్‌కీ పెట్టి చూడాలి, రెండుసార్లూ ఒకే వెలుతురు రావాలి. అప్పుడు ముందు కేబులు మన బండికి, తర్వాత వాళ్ళ ప్లగ్గుకి. బండి లోపల తలుపు పక్కన లీకేజీ బ్రేకర్ ఉంది, తీగల్లోంచి బయటికి కరెంటు ఎక్కడ కారినా టక్కున పడిపోతుంది. దాని మీద పరీక్ష బటన్ నొక్కి అది పడుతోందో లేదో చూసుకోవాలి.

"ఇంకా రెండున్నాయి మేడమ్, ఇవే జనం వదిలేస్తారు," అన్నాడు భాయ్. "ప్లగ్గుని చూసి ఊరుకోవద్దు. ఆ ప్లగ్గుకి తీగ ఎక్కణ్ణించి వస్తందో వెనక్కి నడిచి, మీటరు దాకా చూడండి. రెండోది, హీటరో కెటిలో ఏదైనా పెద్ద లోడు వేశాక మళ్ళీ కిందకి దిగి, బండి రేకు మీద టెస్టర్ పెట్టండి. అది చూసేదాకా ఎవర్నీ బండి ముట్టుకోనివ్వద్దు. తెలిసినోళ్ళ ఇల్లయినా సరే."

ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పాటించాను కూడా. గన్నవరం దగ్గర ఒక మామిడి తోటలో తోటాయన నవ్వుతున్నా వినకుండా వాళ్ళ మీటరు దాకా నడిచాను. ఇంకోచోట ఎర్త్ కన్నం వెనక అసలు తీగే లేదని కనిపెట్టి, కేబులు చుట్టేసి వెనక్కి వచ్చేయించాను. దారి పొడుగునా మా ఆయన విసుక్కుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఒక దొంగ క్లెయిము పట్టుకున్నంత సంతోషంగా ఇంటికొచ్చాను.

ఇంత జాగ్రత్త మనిషిని ఒక్కచోట మాత్రం టెస్టర్ జేబులో ఉండగానే మోసపోయాను. మోసం చేసింది ఇంకెవరో కూడా కాదు.

మా పుట్టిల్లు కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద నుంచి లోపలికి వెళ్ళాలి. చెరకు, కంద వేసే నేల. నాన్న పోయాక తమ్ముడు చేశాడు. రెండేళ్ళ క్రితం తమ్ముడు గుండెపోటుతో పోయాడు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, పొలం మా మరదలే ఒంటి చేత్తో చూసుకుంటోంది. నా పెళ్ళప్పుడే నా వాటా వద్దని సంతకం పెట్టేశాను కాబట్టి ఆ నేల మీద నాకు హక్కు లేదు. ఉన్నదల్లా ఆ గడప. అమ్మానాన్నా లేరు, తమ్ముడు లేడు. ఆమె రమ్మంటే నాకు పుట్టిల్లు ఉన్నట్టు, ఊరుకుంటే లేనట్టు. అంతే లెక్క. ఆ మరదలు ఏడాదిగా నాకు సరిగ్గా ఫోన్ చేయలేదు.

అలాంటి సమయంలో ఒక పెళ్ళిలో మా ఊరి మనిషి నా చెవిన వేసింది. "మీ పొలంలో ఎవరో టేపులు పట్టుకుని కొలుస్తున్నారండి. మేకులు కూడా పాతారు. ప్లాట్లు గానీ వేస్తారేమో." అన్నం ముందు కూర్చున్నదాన్ని లేచి చెయ్యి కడిగేసుకున్నాను. హక్కు లేదు గానీ కోపానికి హక్కుతో పనేముంది! చెప్పకుండా అమ్మేద్దామనుకుంటోందన్నమాట, అందుకే ఫోన్లు లేవన్నమాట. ఏడాదిగా విడివిడిగా పడి ఉన్న ముక్కలన్నీ టకటకా అతుక్కున్నాయి. అలా అతుక్కున్నప్పుడు కలిగే ఆనందం నాకు అలవాటే. దాన్నే నేను తెలివి అనుకునేదాన్ని.

"ట్రైలర్ తీయండి, రెండు రోజులు పొలంలో ఉండొద్దాం," అన్నాను మా ఆయనతో. ఒకరి వంట, ఒకరి మంచం అక్కర్లేదు. నా కళ్ళతో చూసి, అడగాల్సింది మొహం మీద అడిగి వచ్చేద్దామని.

మేం వెళ్ళేసరికి ఉదయం పదకొండయి ఉంటుంది. మరదలు వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పుల్లేకుండా, పాదాలకు ఎండిన మట్టితో. ఆమె ఎప్పుడూ అంతే, పొలంలో చెప్పులు తొడగదు.

"రండి వదినగారూ, రండి అన్నయ్యగారూ. ఇదేనా గూడుబండి, ఎంత ముద్దుగా ఉందండి! ఇక్కడ వేపచెట్టు కింద పెట్టేయండి, వరండాలో ప్లగ్గుంది."

"వద్దమ్మా, మోటారు షెడ్డు దగ్గర పెట్టుకుంటాం. నాన్న కూర్చునే చోటు," అన్నాను.

ఆమె మొహంలో నవ్వు ఆగిపోవడం చూశాను. అలాంటివి నా కంటికి దాటిపోవు.

"అక్కడెందుకండి. నిన్ననే తడి పెట్టాం, అంతా చిత్తడి చిత్తడిగా ఉంది."

"టైర్లున్నాయిగా."

"పాములు తిరుగుతున్నాయండి వదినగారూ."

"నేను పుట్టినప్పుడూ తిరిగేవిలే."

కిందికి చూస్తూ అంది, "కరెంటు కూడా అక్కడ అంత బాగోదండి."

ఒకే విషయానికి మూడు కారణాలు చెప్పే మనిషి నాలుగోదాన్ని దాస్తున్నట్టు. ఇది ఆఫీసులో నేను కొత్తవాళ్ళకు చెప్పే పాఠం. పైగా చెరకు మీదుగా చూస్తే షెడ్డు చూరు కింద బల్బు పట్టపగలే వెలుగుతూ కనిపిస్తోంది. కరెంటు బాగోదట! అబద్ధం అక్కడికక్కడే దొరికిపోయింది. మేకులు పాతింది ఆ షెడ్డు దారిలోనే అయి ఉంటుంది, అందుకే నన్ను వెళ్ళనివ్వడం లేదు. "పోనివ్వండి," అన్నాను మా ఆయనతో. ఆయన ఇబ్బందిగా ఆమె వైపు చూసి, "రెండు రోజులేగా చెల్లెమ్మా," అని బండి కదిలించారు.

షెడ్డు దగ్గర దిగగానే తిన్నగా వెళ్ళి ఆ బల్బు కింద నిలబడ్డాను. మా ఇంటికి కరెంటు రాకముందే ఈ మోటారుకి వచ్చింది. పదో తరగతి అంతా నేను ఈ షెడ్డులోనే, ఈ బల్బు కిందే చదివాను. నాన్న పక్కన గోనెసంచి మీద కూర్చుని, నేను చదువుతుంటే వినేవాడు. అర్థమయ్యేది కాదు గానీ వినేవాడు. ఆ బల్బు పెట్టిన రోజు కూడా నాకు గుర్తే. నాన్న స్టూలు ఎక్కి పైన పని చేస్తుంటే కింద తీగ పట్టుకుని నిలబడింది నేనే. ఇప్పుడు బల్బు మారింది, పక్కన మూడు కన్నాల ప్లగ్గు బోర్డు కూడా వచ్చింది, ఫోన్ ఛార్జింగ్‌కి తమ్ముడు పెట్టించుకుని ఉంటాడు. గోడ మాత్రం అదే.

టెస్టర్ తీశాను. కుడి కన్నం వెలిగింది, మిగతా రెండూ చల్లగా ఉన్నాయి. రెండు తీగల బల్బు పెట్టాను, రెండుసార్లూ ఒకే వెలుతురు. కేబులు తగిలించి, బండిలోకెక్కి బటన్ నొక్కితే బ్రేకర్ టక్కున పడింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంక ప్లగ్గు వెనక తీగ ఎటు పోతోందో చూడాలి. చూడలేదు. గోడ అవతలికి నాలుగడుగులు వేస్తే చాలు, వేయలేదు. మా నాన్న షెడ్డులో నేను తీగ వెంట నడవడమేమిటి అనిపించింది. అలా అనిపించిందని కూడా అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. వరండాలో ప్లగ్గు ఉందన్న మరదలిని అనుమానించాను, మా నాన్న గోడని అనుమానించలేదు.

మా ఆయన కాఫీకని కరెంటు కెటిల్‌లో నీళ్ళు పోసి స్విచ్చి వేశారు. లైటు బాగా తగ్గిపోయింది, ఫ్యాను నీరసంగా తిరిగింది.

"లో వోల్టేజి. పల్లెల్లో మామూలే," అన్నారు.

నేను వినడం లేదు. కిటికీలోంచి పొలం వైపు చూస్తున్నాను. చెరకు అంచున ఒక మేకు కనిపించింది, దానికి ఎర్రగుడ్డ పీలిక. దాని తిన్నగా ఇంకొకటి. ఇంటివైపు మరొకటి. దొరికింది!  ఆమె రాగానే ఏమడగాలో మాటలు పేర్చుకుంటున్నాను. కెటిల్ పది నిమిషాలైనా కాగలేదు. మామూలుగా మూడు నిమిషాల పని. ఆ సంగతి కూడా నా కళ్ళ ముందే జరిగింది. ఇంకొకరి క్లెయిములో చదివి ఉంటే ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉండేదాన్ని.

గట్టు మీద మరదలు వస్తోంది. ఒక చేతిలో స్టీలు క్యారియర్. మేం వద్దన్నా వండినట్టుంది. బురదలో పాదాలు దిగబడుతుంటే మెల్లగా అడుగులేస్తూ వచ్చి, తలుపు ముందు తడినేల మీద నిలబడింది.

"వదినగారూ, వేడిగా ఉండగానే తినేయండి," అంటూ తలుపు పిడి పట్టుకుంది.

పిడి పట్టుకుని అలాగే ఉండిపోయింది. క్యారియర్ జారి బురదలో పడింది. నోరు తెరిచి ఉంది, మాట లేదు. చెయ్యి మోచేతి దాకా బిగుసుకుపోయి వణుకుతోంది, కళ్ళు నా కళ్ళల్లోకే చూస్తున్నాయి. మా ఆయన "అమ్మా!" అని ఒక్క అంగలో తలుపు వైపు వెళ్ళారు.

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. నేను చదివిన కాగితాల్లో ఉండే రెండో మనిషి ఆయనే కాబోయారు. లాగిన చేత్తోనే తలుపు పక్కనున్న బ్రేకర్ మీద కొట్టాను. లైటు ఆరిపోయింది. ఆమె చెయ్యి వదులై, వెనక్కి, బురదలోకి పడింది.

మూడు సెకన్లో నాలుగో. అంతకంటే కాకపోవచ్చు. ఊపిరి ఉంది. అరచేతిలో పిడి ఆకారంలో కమిలిన గీత. మా ఆయన ముందు వెళ్ళి ఆ ప్లగ్గు పీకేశారు. ఇద్దరం కలిసి ఆమెను కారులో పడుకోబెట్టి కంకిపాడులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఆమె తల నా ఒళ్ళో ఉంది. ఆమె జుట్టులో బురద వేళ్ళతో తీస్తూ నేను ఏడ్చాను. బతికించమని దేవుణ్ణి అడుగుతూనే, ఈమె పోతే నాకిక ఎవరూ లేరని కూడా అనుకున్నాను. ఆ స్వార్థం కూడా చెప్పేయడమే మంచిది.

ఈసీజీ తీశారు. గుండెకి ఏం కాలేదన్నారు, చేతికి కట్టు కట్టారు, సాయంత్రం దాకా చూసి పంపిస్తామన్నారు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ముందు ఆమే మాట్లాడింది.

"నేను ముందే చెప్పాల్సిందండి వదినగారూ. నాదే తప్పు."

"ఏం చెప్పాలి?"

"ఆ షెడ్డు ప్లగ్గు మంచిది కాదండి. కొత్త బోరు వేసిన కాణ్ణించి జుమ్ముమంటానే ఉంది. ఫోన్ పెట్టినా అప్పుడప్పుడు లాగుద్ది. నేను కర్రతోనే స్విచ్చి వేస్తాను. పీకించేద్దామని ఆయనతో ఎన్నిసార్లు అన్నానో. అక్క చదువుకున్న లైటు, నాన్న పెట్టింది, దాని జోలికి పోవద్దనేవారు. ఆయన పోయాక ఇంటి కాణ్ణించి షెడ్డుకి కొత్త కేబులు వేయిద్దామని కొలిపించాను. మేకులు కూడా పాతించాను. మీతో చెప్పాలంటే నోరు రాలేదండి. ఫోన్ చేస్తే ఆ మాట వచ్చేస్తదేమోనని చేయడం కూడా తగ్గించాను. నాన్నగారి లైటు తీసేస్తున్నానని మీరు బాధపడతారని."

 ఆమె చెప్పిన కారణాలు నిజం కావని నేను కనిపెట్టిన మాట నిజమే. నాలుగో కారణం ఉందనీ సరిగ్గానే పట్టాను. అది నన్ను కాపాడ్డానికి దాచిన కారణం అయి ఉండవచ్చన్న ఆలోచన మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడైనా తట్టిందా అని ఆ స్టూలు మీద కూర్చుని మొదటిసారి నన్ను నేనే అడిగాను. ఎన్ని ఇళ్ళవాళ్ళు నా బల్ల ముందు ఇలాగే తల దించుకుని నిలబడ్డారో.

మర్నాడు ఉదయం భాయ్ బస్సులో దిగాడు. ఫోన్లో అన్నీ చెప్పాం. చెప్పులు విదిలించుకుంటూ తిన్నగా షెడ్డు వెనక్కి నడిచాడు, నేను నడవని ఆ నాలుగడుగులు. మరదలు కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. మోటారుకి పోయే కరెంటు ముందే తీయించాం.

"ఇటు రండి మేడమ్," అన్నాడు.

గోడ వెనక పాత బోరు ఉండేది. నీళ్ళు తగ్గి, మూడేళ్ళ క్రితం తమ్ముడు పక్కన కొత్త బోరు వేయించాడు, దానికి ప్లాస్టిక్ గొట్టం. పాతదాని ఇనుప పైపుని జానెడు పైకి ఉంచి కోసేశారు. చూరు కింద పొడి మట్టిలో, తుప్పు పట్టి ఉంది ఆ మొండెం. ప్లగ్గు బోర్డు నుంచి వచ్చిన రెండు తీగలు, న్యూట్రల్ అనుకున్నదీ ఎర్త్ అనుకున్నదీ, రెండూ దానికే కట్టి ఉన్నాయి.

"మోటారుకి మూడు ఫేజులొస్తాయి, కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ రాదు. బల్బు వెలగాలంటే న్యూట్రల్ కావాలిగా," అన్నాడు భాయ్. "అందుకని మనోళ్ళు ఒక ఫేజు తీసుకుని, రెండో తీగ బోరు పైపుకి కట్టేస్తారు. ఈ పక్క ఊళ్ళన్నిట్లో చూశాను. పైపు నీళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ కరెంటు భూమిలోకి దిగిపోద్ది, బల్బు వెలుగుద్ది, బానే ఉందనుకుంటారు. ఇప్పుడీ పైపు ఎండిపోయింది. చిన్న బల్బుకి చాలుద్ది. కెటిల్ పెట్టేసరికి దిగే దారి చాలక కరెంటు పైపు మీదే నిలబడింది. ఆ పైపుకే మీ ఎర్త్ కట్టుండేసరికి, ఎర్త్ తీగ మీద నడిచొచ్చి మీ బండి రేకంతా ఎక్కింది. లోపల చెక్క మీద ఉన్నోళ్ళకి తెలవదు. బయట తడి నేల మీద నిలబడి ముట్టుకున్నోళ్ళకే."

"మరి బ్రేకర్ ఎందుకు పడలేదు? నేను నొక్కి చూశాను భాయ్."

"అది లోపలికి పోయిందీ తిరిగొచ్చిందీ లెక్క చూసుద్ది మేడమ్. లెక్క సరిపోయింది. దొంగ మీ గుమ్మంలోంచి రాలా, మీరు కాపలా పెట్టుకున్న ఎర్త్ తీగ మీదుగానే వచ్చాడు. ప్లగ్గులో టెస్టర్ పెట్టినప్పుడు లోడు లేదు, అందుకని నిద్రపోతున్నాడు."

వంగి ఆ పైపుని పరీక్షగా చూసి ఆయనే అన్నాడు, "ఒక తీగ ఈ మధ్య కట్టింది. ఇంకోటి చాలా పాతది. ఎలక్ట్రీషియన్ కట్టిన ముడి కాదే ఇది. ఎవరు కట్టారో!"

నేనూ వంగి చూశాను.

నల్లబడిన అల్యూమినియం తీగ, పైపు చుట్టూ పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, చివర రెండు చెవులు వచ్చేలా మెలేసి ఉంది. జడకి రిబ్బను కట్టే ముడి. బడికి వెళ్ళేటప్పుడు రోజూ రెండు జడలకీ నేనే వేసుకునే ముడి. నాన్న స్టూలు మీద నుంచి, "పైపుని కత్తితో బాగా గీకి, గట్టిగా చుట్టమ్మా, ఊడకుండా," అన్నాడు. రంగు పోయి ఇనుము మెరిసేదాకా గీకాను. చుట్టాను. ఊడకూడదని ముడి వేశాను. పైన బల్బు వెలిగింది. నాన్న చప్పట్లు కొట్టాడు. ఇన్నేళ్ళూ ఆ వెలుతురే గుర్తుంది నాకు, ఈ ముడి గుర్తే లేదు. నాన్న చెప్పినట్టే అది ఊడలేదు.

"నేనే కట్టాను భాయ్," అన్నాను.

మా ఆయన నా వైపు చూశారు.  భాయ్ జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు, ఆ రోజు కత్తి ఇచ్చినట్టే. మా క్లెయిము ఫారంలో ఒక గడి ఉండేది, ప్రమాదానికి కారణం ఎవరి నిర్లక్ష్యం అని. ఆ గడి ఖాళీగా వదిలిన ఫారం ఒక్కటి కూడా నేను ముందుకు పంపలేదు. ఇప్పుడు అందులో రాయాల్సిన పేరు ఎవరిదో నాకు తెలుసు. తీగ కత్తిరించాను. ముడి మాత్రం పైపుకి అతుక్కుపోయి రాలేదు, గోళ్ళతో పీకి పీకి తీయాల్సి వచ్చింది. వెనక నుంచి మరదలు, "చెయ్యి కోసుకుపోద్దండి వదినగారూ, జాగ్రత్త," అంది. కట్టు చేతి మనిషి నాకు జాగ్రత్త చెబుతోంది!

పైన బల్బు ఉన్న హోల్డర్ని మా ఆయన విప్పారు. తర్వాత బండిని ఇంటి ముందుకి తెచ్చి వేపచెట్టు కింద పెట్టాం, ఆమె నిన్న పెట్టుకోమన్న చోటే. వరండా ప్లగ్గు నుంచి మీటరు దాకా, మీటరు నుంచి స్తంభం దాకా, పెరట్లో ఎర్త్ గొయ్యి దాకా భాయ్ ముందు నడిస్తే వెనక నేను నడిచాను. టెస్టర్, రెండు తీగల బల్బు, బటన్, అన్నీ అయ్యాయి. కెటిల్ వేశాం. లైటు తగ్గలేదు, మూడు నిమిషాల్లో నీళ్ళు తెర్లాయి. భాయ్ కిందకి దిగి రేకు మీద టెస్టర్ పెట్టాడు. వెలగలేదు.

"బానే ఉంది మేడమ్," అన్నాడు.

నేను చెప్పులు విప్పేశాను. బకెట్టెడు నీళ్ళు తెచ్చి తలుపు ముందు నేల మీద గుమ్మరించాను. మా ఆయన "ఏం చేస్తున్నావ్," అన్నారు. భాయ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశాడు. ఆ బురదలో, మరదలు నిలబడినట్టే, రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాను. భయం వేసింది. ఆ పిడినే, అరచేయి మొత్తం ఆనేలా పట్టుకున్నాను. లోపల కెటిల్ తెర్లుతూనే ఉంది. చెయ్యి తీయకుండా కాసేపు అలాగే ఉన్నాను.

అప్పుడు తలుపు తీసి, "రామ్మా, కాఫీ తాగుదువు గాని," అని మరదలిని పిలిచాను.